బ్రౌజర్‌లో, ఫోన్‌లో దాగిన ఆటలు: తెరిచే దారులు, తెరుచుకోకపోతే కారణాలు

నెట్ పోయినప్పుడు క్రోమ్‌లో కనిపించే రాకాసిబల్లిని చూడనివాళ్లు తక్కువ. నెట్ ఉండగానే దాన్ని ఎలా పిలవాలి, ఆఫీసు ల్యాప్‌టాప్‌లో అది ఎందుకు కదలదు, ఎడ్జ్‌లో, ఫైర్‌ఫాక్స్‌లో, ఆండ్రాయిడ్ ఫోన్‌లో ఇంకేం దాచారు అన్నది మాత్రం చాలామందికి తెలియదు. వీటికోసం ఏ యాప్ దించుకోనక్కర్లేదు, ఏ ఎక్స్‌టెన్షన్ తగిలించుకోనక్కర్లేదు. అన్నీ ఇప్పటికే మీ దగ్గరున్న ప్రోగ్రాముల కడుపులోనే ఉన్నాయి. అయితే ప్రతిదానికీ ఒక షరతు ఉంటుంది. అది తు.చ. తప్పకుండా నెరవేరితేనే తలుపు తెరుచుకుంటుంది. "మా దాంట్లో రావట్లేదు" అనేవాళ్ల విషయంలో పదింట తొమ్మిదిసార్లు తప్పింది ఆ షరతే.

ఈ దాగుడుమూతలు ఈనాటివి కావు. 1980 ప్రాంతంలో అటారీ 2600 అనే గేమ్ యంత్రం కోసం వచ్చిన అడ్వెంచర్ అనే ఆటలో వారెన్ రాబినెట్ అనే ప్రోగ్రామర్ తన పేరున్న గదిని రహస్యంగా పెట్టాడు. ఆట తయారుచేసినవాళ్ల పేర్లు అటారీ బయటికి చెప్పేది కాదు, అందుకని. ఒకే ఒక్క పిక్సెల్ సైజున్న బూడిదరంగు చుక్కను తెచ్చి సరైన గోడ దగ్గర పెడితే ఆ గది తెరుచుకునేది. విషయం బయటపడ్డాక కంపెనీలోని స్టీవ్ రైట్ దానికి ఈస్టర్ ఎగ్ అని పేరు పెట్టాడు. ఆ పేరే నిలిచిపోయింది.

మొదట కీబోర్డు సంగతి

కింద చెప్పే చిరునామాలన్నీ ఇంగ్లిష్ అక్షరాల్లోనే టైపు చేయాలి, ఖాళీలు ఉండకూడదు. తెలుగు టైపింగ్ ఆన్‌లో ఉండిపోతే అడ్రస్ బార్‌లో తెలుగు అక్షరాలు పడతాయి, బ్రౌజర్ దాన్ని వెతుకులాట అనుకుని సెర్చ్ పేజీకి తీసుకుపోతుంది. విండోస్‌లో విండోస్ కీ, స్పేస్‌బార్ కలిపి నొక్కితే భాష మారుతుంది. ఫోన్‌లో జీబోర్డ్ అయితే గ్లోబు బొమ్మ నొక్కాలి, లేదా స్పేస్‌బార్‌ను నొక్కిపట్టి ఇంగ్లిష్ ఎంచుకోవాలి. ఆట మధ్యలో కూడా ఇది అడ్డొస్తుంది. బాణం కీలకు భాషతో పనిలేదు గానీ, ఎఫ్, బి, ఏ లాంటి అక్షరాలు వాడాల్సినచోట తెలుగు లేఅవుట్ ఉంటే ఆటకు వేరే అక్షరం చేరొచ్చు.

ఇంకో సంగతి. బ్రౌజర్ లోపలి పేజీల చిరునామాను ఎవరైనా వెబ్‌పేజీలో లింకుగా పెడితే దాన్ని నొక్కినా ఏమీ జరగదు. బయటి సైట్లు బ్రౌజర్ లోపలి పేజీలను తెరవకుండా భద్రత కోసం పెట్టిన కట్టడి అది. లింకు పాడైందనుకోవద్దు. చిరునామాను కాపీ చేసి అడ్రస్ బార్‌లో పేస్ట్ చేసి ఎంటర్ కొట్టండి.

క్రోమ్ రాకాసిబల్లి

అడ్రస్ బార్‌లో క్రోమ్://డైనో అని కొట్టండి. డైనో అంటే డి, ఐ, ఎన్, ఓ. క్రోమ్ తర్వాత కోలన్, ఆపైన రెండు ముందు స్లాష్‌లు. నెట్ ఉన్నా సరే, ఆట కిటికీ నిండా తెరుచుకుంటుంది. బ్రేవ్ కూడా క్రోమ్‌కు పునాది అయిన క్రోమియం మీద కట్టిన బ్రౌజరే కాబట్టి అందులోనూ ఇదే పనిచేస్తుంది.

నెట్ లేనప్పుడు వచ్చే అసలు పేజీయే చూడాలనుకుంటే వైఫై ఆపనక్కర్లేదు. ఎఫ్12 నొక్కి డెవలపర్ టూల్స్ తెరవండి. నెట్‌వర్క్ ట్యాబ్‌లో నో థ్రాట్లింగ్ అని ఉన్న జాబితా నుంచి ఆఫ్‌లైన్ ఎంచుకుని పేజీని రీలోడ్ చేయండి. ఆ ఒక్క ట్యాబ్‌కే నెట్ ఆగుతుంది. డెవలపర్ టూల్స్ మూసేస్తే ఈ ఆంక్ష దానంతటదే పోతుంది. తెరిచే ఉంచి ఆఫ్‌లైన్ సంగతి మర్చిపోతే మాత్రం, నెట్ ఎందుకు రావట్లేదా అని రూటర్ దగ్గరికి పరుగెత్తాల్సొస్తుంది.

నిజంగానే నెట్ పోయినా కొన్నిసార్లు బల్లి కనపడదు. కారణాలు రెండు మూడున్నాయి. తెరిచిన సైటు తన పేజీలను ముందే కంప్యూటర్‌లో దాచుకునే రకమైతే పాత కాపీయే తెరుచుకుంటుంది. సైటు పేరు దొరకకపోవడమో, ఆ సైటు సర్వర్ పడిపోవడమో అయితే ముఖం వేలాడేసుకున్న కాగితం బొమ్మ వస్తుంది, బల్లి కాదు. అసలు కనెక్షనే లేదని క్రోమ్ తేల్చుకున్నప్పుడే బల్లి వస్తుంది. హోటల్, రైల్వే స్టేషన్ వైఫైల్లో లాగిన్ పేజీ అడ్డుపడుతుంది.

ఆడే తీరు అందరికీ తెలిసినంత సులువే: స్పేస్ గానీ పై బాణం గానీ నొక్కితే ఎగురుతుంది, కింది బాణంతో వంగుతుంది. తెలియని కిటుకులు రెండున్నాయి. కీని తట్టి వదిలేస్తే చిన్న గెంతు, కాసేపు నొక్కి ఉంచితే పెద్ద గెంతు. గాల్లో ఉండగా కింది బాణం నొక్కితే బల్లి చప్పున నేలకు దిగుతుంది. గుంపుగా ఉన్న జెముళ్లు దాటిన వెంటనే ఇంకొకటి ఎదురైనప్పుడు పనికొచ్చేది ఈ రెండో కిటుకే. దీన్ని అలవాటు చేసుకోనివాళ్లు వెయ్యి పాయింట్ల దగ్గర ఇరుక్కుపోతారు.

క్రోమియం ఓపెన్ సోర్స్ (కోడ్ ఎవరైనా చూడగలిగేది) కాబట్టి ఆట లెక్కలు కోడ్‌లోనే చూడొచ్చు. మొదటి 3 సెకన్లలో ఏ అడ్డంకీ రాదు. వేగం 6తో మొదలై ఫ్రేముకు 0.001 చొప్పున పెరుగుతూ 13 దగ్గర ఆగుతుంది. సెకనుకు 60 ఫ్రేములు చూపే తెర మీద లెక్కేస్తే 7,000 ఫ్రేములు, అంటే రెండు నిమిషాలకు కాస్త తక్కువ. అప్పటికి స్కోరు దాదాపు 1,650 ఉంటుంది. అక్కడి నుంచి ఆట ఇంకా వేగం పుంజుకోదు, మీ ఓపిక ఎంతో అంత దూరం. ఎగిరే టెరోడాక్టిల్ వేగం 8.5 దాటాకే వస్తుంది, ఇదే తెర మీద అది 450 పాయింట్ల చోటు. వేగం ఫ్రేముల లెక్కన పెరుగుతుంది కనుక 120 హెర్ట్జ్ తెరలున్న (సెకనుకు 120 ఫ్రేములు చూపే) ల్యాప్‌టాప్‌లలో ఇదంతా త్వరగా మీదపడుతుంది. సాధన చేసేవాళ్లు డిస్‌ప్లే సెట్టింగుల్లో 60 హెర్ట్జ్‌కి దింపుకుంటే తేడా తెలుస్తుంది.

టెరోడాక్టిల్ మూడు ఎత్తుల్లో వస్తుంది. నేలకు దగ్గరగా వచ్చినదాన్ని దూకాలి. మధ్యలోది వంగినా దాటుతుంది, దూకినా దాటుతుంది. పైనున్నదాని కింద ఏమీ చేయకుండా పరుగెత్తడమే మంచిది, కంగారుపడి దూకితే నేరుగా వెళ్లి గుద్దుకుంటారు. ఫోన్‌లో వేలితో తడితే ఎగరడమే గానీ వంగడం లేదు, అందుకని అక్కడ మధ్య ఎత్తునే తీసేశారు. 700 పాయింట్ల దగ్గర రాత్రి అవుతుంది, 12 సెకన్లు ఉండి పోతుంది. రంగులు తిరగబడతాయి తప్ప అడ్డంకులు మారవు. ఆట ఆపి వేరే పని చూసుకోవాలంటే ఇంకో ట్యాబ్‌కి వెళ్తే చాలు, అదే ఆగుతుంది.

2014లో ఈ బల్లిని గీసిన క్రోమ్ బృందంలో సెబాస్టియన్ గాబ్రియేల్, అలన్ బెట్స్, ఎడ్వర్డ్ జంగ్ ఉన్నారు. దీని రహస్య పేరు ప్రాజెక్ట్ బోలన్. టీ రెక్స్ అనే బ్రిటిష్ రాక్ బృందం గాయకుడు మార్క్ బోలన్ పేరది. జోకులోపల జోకు. ఆట ముగియాలంటే 1 కోటి 70 లక్షల సంవత్సరాలు పడుతుందని తయారుచేసినవాళ్లే చెప్పారు. భూమ్మీద టీ రెక్స్ బతికిన కాలం అంతేనన్నది వాళ్ల మాట.

ఆఫీసు, కాలేజీ యంత్రాల్లో ఆట మొదలవకుండా బల్లి పైన ఉల్క కనపడితే, ఈ పరికరం యజమాని ఆట ఆపేశారని కింద రాసుంటుంది. క్రోమ్ లోపం కాదది, అడ్మిన్ (సంస్థ యంత్రాలను చూసుకునే నిర్వాహకుడు) పెట్టిన పాలసీ. క్రోమ్://పాలసీ అనే పేజీ తెరిచి జాబితాలో అలౌ డైనోసార్ ఈస్టర్ ఎగ్ అన్న వరుస ఏమంటుందో చూడండి. సంస్థ పేరు మీద నమోదైన క్రోమ్‌బుక్‌లలో అడ్మిన్ ప్రత్యేకంగా అనుమతిస్తే తప్ప ఆట రాదు. బడి పిల్లల క్రోమ్‌బుక్‌లలో కనపడకపోవడానికి కారణం ఇదే. విండోస్ లోపలి సెట్టింగుల పట్టీ అయిన రిజిస్ట్రీలో వేలుపెట్టి దీన్ని తప్పించుకోవాలని చూడొద్దు. సంస్థ యంత్రంలో పాలసీ మళ్లీ వచ్చి కూర్చుంటుంది, పైగా మీ పేరు ఐటీ విభాగానికి తెలిసిపోతుంది.

బల్లిని చావకుండా చేసే కోడ్ అంటూ వీడియోల్లో తిరిగే ముక్కలను డెవలపర్ టూల్స్‌లోని కన్సోల్‌లో అతికించే ముందు ఒక్కసారి ఆగండి. ఆట కోడ్‌ను తిరగరాసినప్పుడల్లా ఆ కిటుకులు చెడిపోతాయి, పాత వీడియో చూసి కొత్త క్రోమ్‌లో చేస్తే ఎర్రటి ఎర్రర్ తప్ప ఏమీ రాదు. దానికన్నా ముఖ్యం, తెలియని కోడ్‌ను కన్సోల్‌లో అతికించే అలవాటే చెడ్డది. ఆ సమయంలో తెరిచి ఉన్నది మెయిలో బ్యాంకు పేజీయో అయితే మీ లాగిన్ ఎవరి చేతికో పోతుంది. అందుకే క్రోమ్ ఇప్పుడు అతికించే ముందు హెచ్చరించి, అనుమతిస్తున్నట్టు మీ చేత టైపు చేయించుకుంటుంది.

ఎడ్జ్‌లో అలల మీద సవారీ

నా లెక్కలో బ్రౌజర్ ఆటలన్నిట్లోకీ బాగా చెక్కింది ఇదే. ఎడ్జ్://సర్ఫ్ అని కొట్టండి (ఎస్, యు, ఆర్, ఎఫ్). 2020 మే నెలలో ఎడ్జ్ 83తో అందరికీ వచ్చింది. నెట్ అక్కర్లేదు. బొమ్మల్లోంచి ఒకరిని ఎంచుకుని స్పేస్ నొక్కితే మొదలవుతుంది. ఎడమ, కుడి బాణాలతో మళ్లాలి, కింది బాణంతో నేరుగా సాగాలి, పై బాణంతో ఆగాలి. దారిలో మెరుపు గుర్తులు ఏరుకుంటే శక్తి జమవుతుంది, ఎఫ్ కీ నొక్కితే ఆ శక్తి ఖర్చయి ఒక్క ఊపున దూసుకెళ్తారు. వెనక నుంచి క్రాకెన్ అనే సముద్ర రాక్షసి తరుముకొచ్చినప్పుడు దీనికోసమే శక్తి మిగుల్చుకోవాలి. కనపడ్డ వెంటనే వాడేసేవాళ్లు దానికి దొరికిపోతారు.

ఆ కీ ఎఫ్ అవడం కాకతాళీయం కాదు. 1991లో క్రిస్ పిరిహ్ రాసిన స్కీఫ్రీ మైక్రోసాఫ్ట్ ఎంటర్‌టైన్‌మెంట్ ప్యాక్‌లో వచ్చింది. అందులో చివరకు మంచుమనిషి వచ్చి ఆటగాణ్ని మింగేసేవాడు. అతన్ని తప్పించుకోవడానికి ఎఫ్ నొక్కితే వేగం పెరుగుతుందని చాలామందికి ఏళ్ల తరబడి తెలియలేదు. సర్ఫ్ ఆట మొత్తం ఆ పాత ఆటకు దండం పెట్టడమే.

పైన మూలలో ఉన్న మెనూలో మూడు రకాల ఆటలున్నాయి: అంతులేనిది, సమయంతో పోటీపడేది, జెండాల మధ్య వంకర్లు తిరిగేది. అదే మెనూలో వేగం తగ్గించే ఎంపిక, అడ్డంకులు స్పష్టంగా కనపడేలా చేసే ఎంపిక ఉన్నాయి. చిన్నపిల్లలకో, చూపు మందగించిన పెద్దలకో ఇచ్చేముందు ఆ రెండూ ఆన్ చేయండి. బొమ్మను ఎంచుకునే తెర మీద పై, పై, కింద, కింద, ఎడమ, కుడి, ఎడమ, కుడి, బి, ఏ అని వరసగా నొక్కితే నింజా పిల్లి బయటపడుతుంది. ఇది 1986లో కోనామీ సంస్థ గ్రాడియస్ ఆటను ఇంటి యంత్రానికి మార్చేటప్పుడు కజుహిసా హషిమోతో పెట్టుకున్న వరస. మధ్యలో ఒక్క కీ తప్పినా మొదటి నుంచీ నొక్కాలి. బి, ఏ దగ్గర తెలుగు లేఅవుట్ ఉందేమో చూసుకోండి.

ఎడ్జ్‌లోనూ అడ్మిన్ దీన్ని ఆపగలడు. ఎడ్జ్://పాలసీ పేజీలో అలౌ సర్ఫ్ గేమ్ అన్న వరుస చూస్తే తెలిసిపోతుంది.

వివాల్డి వాడేవాళ్లు వివాల్డి://గేమ్ కొట్టి చూడొచ్చు. 2020లో చేర్చిన వివాల్డియా అనే పాతకాలపు ఆర్కేడ్ తరహా ఆట. బాగుంటుంది, కానీ దాచిందేమీ లేదు, వాళ్లే చాటుకున్నారు.

ఫైర్‌ఫాక్స్ యునికార్న్

ఇది అన్నిట్లోకీ గుట్టుగా ఉన్నది, చిరునామా లేనిది. మొదలుపెట్టే ముందు కొత్త ప్రొఫైల్ తయారుచేసుకోండి, ఎందుకో కాసేపట్లో చెబుతాను. అబౌట్:ప్రొఫైల్స్ పేజీ తెరిచి, క్రియేట్ ఎ న్యూ ప్రొఫైల్ నొక్కి ఏదో ఒక పేరు పెట్టి, ఆ ప్రొఫైల్ కింద ఉన్న లాంచ్ బటన్‌తో కొత్త కిటికీ తెరవండి.

ఆ కిటికీలో టూల్‌బార్‌లోని ఖాళీ చోట రైట్ క్లిక్ చేసి కస్టమైజ్ టూల్‌బార్ ఎంచుకోండి. తెర మధ్యలో వాడని బటన్లన్నీ పరిచి ఉంటాయి. కుడివైపు ఓవర్‌ఫ్లో మెనూ అనే పెట్టె ఉంటుంది. మధ్యలో ఉన్నవాటిని ఒక్కొక్కటిగా లాగి ఆ పెట్టెలో పడేయండి. ఫ్లెక్సిబుల్ స్పేస్ అన్నదాన్ని మాత్రం వదిలేయండి. దాన్ని ఎన్నిసార్లు తీసినా మళ్లీ పుట్టుకొస్తుంది, అది ఒక్కటే మిగిలి ఉండాలన్నదే షరతు. ఆఖరి బటన్ వెళ్లగానే కింది వరుసలో యునికార్న్ బొమ్మ బటన్ ప్రత్యక్షమవుతుంది. దాన్ని నొక్కితే బంతిని పలకతో కొట్టే పాంగ్ ఆట మొదలవుతుంది. బంతికి బదులు యునికార్న్ ఎగురుతూ ఉంటుంది. ఎడమ, కుడి బాణాలతో ఆడాలి.

బటన్ రాలేదంటే పేజీ కింది భాగానికి జరిపి చూడండి, ఏదో ఒక బటన్ కనపడకుండా మిగిలి ఉంటుంది. ఆట అయ్యాక అన్నీ యథాస్థానానికి రావాలంటే రీస్టోర్ డిఫాల్ట్స్ నొక్కాలి. అది మీరు ఇన్నాళ్లూ సర్దుకున్న టూల్‌బార్‌ను కూడా ఫ్యాక్టరీ నుంచి వచ్చిన రూపానికి తోసేస్తుంది. కొత్త ప్రొఫైల్ చేసుకోమన్నది అందుకే. పని అయ్యాక అదే అబౌట్:ప్రొఫైల్స్ పేజీలో ఆ ప్రొఫైల్ తీసేయండి. తీసేముందు పేరు రెండుసార్లు చూసుకోండి, పొరపాటున మీ అసలు ప్రొఫైల్ తీసేస్తే బుక్‌మార్కులు, పాస్‌వర్డులు దానితోపాటే పోతాయి.

ఆట కాకపోయినా చూడదగ్గవి రెండున్నాయి. అబౌట్:రోబోట్స్ తెరిస్తే మనుషులకు రోబోట్ల స్వాగతం కనపడుతుంది. ట్రై అగైన్ నొక్కండి, దయచేసి ఈ బటన్ మళ్లీ నొక్కవద్దు అని మారుతుంది. నొక్కితే ఏమవుతుందో నొక్కి చూడండి. అబౌట్:మొజిల్లా పేజీ ఫైర్‌ఫాక్స్‌కు పూర్వీకుడైన పాత బ్రౌజర్ నెట్‌స్కేప్ కాలం నుంచీ వస్తున్నది. గ్రంథంలోంచి ఉదహరించినట్టు ఒక పద్యఖండిక, కింద అధ్యాయం, శ్లోకం అంకెలు ఉంటాయి. ఆ అంకెలు తేదీలు. 12:10 అంటే నెట్‌స్కేప్ 1.0 విడుదలైన 1994 డిసెంబర్ 10, 3:31 అంటే నెట్‌స్కేప్ తన సోర్స్ కోడ్ బయటపెట్టిన 1998 మార్చి 31, 11:9 అంటే ఫైర్‌ఫాక్స్ 1.0 వచ్చిన 2004 నవంబర్ 9. ఫైర్‌ఫాక్స్ లోపలి పేజీల్లో చాలావాటి జాబితా అబౌట్:అబౌట్‌లో దొరుకుతుంది. క్రోమ్‌లో క్రోమ్://క్రోమ్-యూఆర్ఎల్స్‌లో ఉంటుంది. అయితే క్రోమ్ జాబితా చివర ఉన్న డీబగ్ చిరునామాల్లో కొన్ని బ్రౌజర్‌ను కావాలనే కూల్చేస్తాయి, పని తెరిచి ఉంచి వాటితో ఆడొద్దు.

ఆండ్రాయిడ్ ఫోన్‌లో

సెట్టింగ్స్‌లో ఫోన్ పరిచయం (కొన్ని ఫోన్లలో ఫోన్ గురించి) తెరిచి ఆండ్రాయిడ్ వెర్షన్ అన్న వరుసను గబగబా వరసగా తట్టండి. సామ్‌సంగ్‌లో దానికి ముందు సాఫ్ట్‌వేర్ సమాచారం అనే మెట్టు ఒకటుంది. ఎక్కడుందో దొరక్కపోతే సెట్టింగ్స్ పైన ఉన్న వెతుకుడు పెట్టెలో ఆండ్రాయిడ్ వెర్షన్ అని కొట్టండి.

ఇక్కడే ఎక్కువమంది పప్పులో కాలేస్తారు. ఆ పక్కనే ఉండే బిల్డ్ నంబర్‌ను 7 సార్లు తడితే (పాత షావోమీ ఫోన్లలో ఎంఐయూఐ వెర్షన్‌ను తడితే) ఆట రాదు, డెవలపర్ ఆప్షన్స్ ఆన్ అవుతాయి. వాటివల్ల ఫోన్‌కు హాని లేదు గానీ, కొన్ని బ్యాంకు యాప్‌లు అవి ఆన్‌లో ఉంటే తెరుచుకోనని మొండికేస్తాయి. పొరపాటున ఆన్ చేస్తే సెట్టింగ్స్‌లో డెవలపర్ ఆప్షన్స్ తెరిచి పైనున్న స్విచ్ ఆపేయండి.

తట్టాక ఏం వస్తుందన్నది వెర్షన్ మీద ఆధారపడి ఉంటుంది. 14లో నక్షత్రాల మధ్య గుండ్రటి బొమ్మ వస్తుంది. దాన్ని వేలితో నొక్కిపట్టి ఉంచాలి. ఫోన్ కంపనం పెరుగుతుంది, నక్షత్రాలు దూసుకుపోతాయి, అప్పటికీ వేలు తీయకుండా ఉంటే అంతరిక్షనౌక మీ చేతికొస్తుంది. చాలామంది సగంలో వదిలేసి ఇంతేనా అనుకుంటారు. తెర మీద వేలు ఎటు లాగితే నౌక అటు పోతుంది, గ్రహాల మీద దిగొచ్చు. 15లో అదే ఆటకు తనంతట తాను నడిపించుకునే ఆటోపైలట్ చేర్చారు.

12, 13ల్లో గడియారం వస్తుంది, ముల్లు తిప్పి మొదటిదాంట్లో 12కి, రెండోదాంట్లో 1కి పెట్టాలి (13 గంటలంటే మధ్యాహ్నం ఒంటిగంట కదా). 11లో గుండ్రటి డయల్‌ను 10 దాకా మూడుసార్లు తిప్పితే 11 వస్తుంది, దానితో పిల్లులను పెంచే ఆట తెరుచుకుంటుంది. పవర్ బటన్ నొక్కిపట్టి పరికరాల నియంత్రణలో క్యాట్ కంట్రోల్స్ చేర్చుకుని, నీళ్లు, తిండి పెట్టి ఎదురుచూడాలి. పిల్లి వచ్చినప్పుడు నోటిఫికేషన్ వస్తుంది. 10లో 1, 0 అంకెలను లాగి క్యూ అక్షరంలా కలిపి తడుతూపోతే గళ్ల బొమ్మల పజిల్ వస్తుంది. పాత ఫోన్ ఏదైనా డ్రాయర్లో పడి ఉండి అది 5.0 అయితే, తెర మీది లాలిపాప్ బొమ్మను నొక్కిపట్టండి. ఫ్లాపీ బర్డ్ తరహా ఆట వస్తుంది. రెండంకెల స్కోరు చేస్తే గట్టివాళ్లే.

తయారీ కంపెనీలు తమ రంగు పూసేటప్పుడు కొన్నిసార్లు వీటిని తీసేస్తాయి. కంపెనీ ఇచ్చిన ఫోనైతే ఇంకో కారణం ఉండొచ్చు. ఆండ్రాయిడ్ 6 నుంచి అడ్మిన్‌లకు నో ఫన్ అనే ఆంక్ష ఉంది, నిజంగానే దాని పేరదే. వాడుకరి పరికరంతో సరదా, ఆనందం పొందకుండా చూడాలని యజమాని కోరుకోవచ్చు అని గూగుల్ అధికారిక డాక్యుమెంటేషన్‌లోనే గంభీరంగా రాసి ఉంది. సరదాను ఆపే స్విచ్‌ను కూడా సరదాకే వాడుకున్నారు. అది ఆన్‌లో ఉంటే ఎంత తట్టినా లాభం లేదు.

చేతిలో పట్టే గేమింగ్ యంత్రాల్లో

ఈ ఆటలు పుట్టింది బ్రౌజర్‌లోనే అయినా వీటి వంశం చేతి ఆటలదే. 10 గళ్ల వెడల్పు, 20 గళ్ల ఎత్తున్న తెరతో మన జాతరల్లో, బస్టాండు దుకాణాల్లో అమ్మిన బ్రిక్ గేమ్‌ను గుర్తుచేసుకోండి. పెట్టె మీద 9999 ఆటలని ఉండేది, లోపల ఉన్నవి వేళ్లమీద లెక్కపెట్టేన్ని, మిగతావన్నీ వేగం, లెవల్ మార్చిన అవే ఆటలు. కొన్ని బటన్లు, క్షణంలో మొదలు, ఓడితే వెంటనే మళ్లీ. క్రోమ్ బల్లి లెక్క కూడా అచ్చం అదే. అందుకే ఇవి కీబోర్డు మీదకన్నా చేతి యంత్రం మీద బాగా ఆడతాయి.

స్టీమ్ డెక్‌లో దారి ఇది. స్టీమ్ బటన్ నొక్కి పవర్‌లోకి వెళ్లి స్విచ్ టు డెస్క్‌టాప్ ఎంచుకోండి. డిస్కవర్ అనే యాప్ స్టోర్ తెరిచి క్రోమ్ గానీ ఎడ్జ్ గానీ పెట్టుకోండి. బ్రౌజర్ తెరిచి అడ్రస్ బార్‌లో తట్టి, స్టీమ్, ఎక్స్ బటన్లు కలిపి నొక్కితే తెర మీద కీబోర్డు వస్తుంది. అది రాలేదంటే వెనక స్టీమ్ మూసి ఉందన్నమాట, తెరిచి మళ్లీ నొక్కండి. డెస్క్‌టాప్‌లో డీ-ప్యాడ్ (నాలుగు దిక్కుల బటన్) బాణం కీలుగా పనిచేస్తుంది కనుక బల్లి ఆటకు వేరే అమరిక అక్కర్లేదు.

కంప్యూటర్‌కు బ్లూటూత్ కంట్రోలర్ తగిలించి ఆడదామనుకుంటే ఒక మెలిక ఉంది. పేజీ తెరిచి ఉండగా కంట్రోలర్ మీద ఏదో ఒక బటన్ నొక్కేదాకా బ్రౌజర్ దాన్ని ఆటకు చూపించదు. మీ దగ్గర ఏ కంట్రోలర్ ఉందో ప్రతి సైటూ కూపీ లాగకుండా పెట్టిన కట్టడి అది. కనెక్ట్ అయినా కదలట్లేదంటే ముందు ఆట పేజీ మీద ఒకసారి క్లిక్ చేసి, తర్వాత కంట్రోలర్ బటన్ నొక్కండి. లినక్స్‌లో ఫ్లాట్‌పాక్ అనే ప్యాకేజీ రూపంలో పెట్టిన బ్రౌజర్లకు కంట్రోలర్‌ను చూసే అనుమతి వేరుగా ఇవ్వాల్సిరావచ్చు.

నింటెండో స్విచ్‌లో దాగిన ఆట సంగతి 2017లో బయటపడింది. 1984 నాటి గోల్ఫ్ ఆట అది, రాసింది తర్వాత సంస్థ అధ్యక్షుడైన సతోరు ఇవాటా. ఆయన పోయిన తేదీ జులై 11న, రెండు జాయ్‌కాన్‌లు (స్విచ్ కంట్రోలర్లు) చేతబట్టి ఆయన వీడియోల్లో చేతులు చాపే భంగిమ చేస్తే తెరుచుకునేది. తర్వాతి అప్‌డేట్‌లో తీసేశారు కాబట్టి ఇప్పటి యంత్రాల్లో ప్రయత్నించి లాభం లేదు.

ఎందుకు తీసేస్తారు

దాచిన ఆట కూడా కోడే. పరీక్షించాలి, తప్పులు దిద్దాలి, దాంట్లోంచి దొంగలు దూరకుండా చూసుకోవాలి. ఎక్సెల్ 97లో ఒక విమానం నడిపే ఆటే దాగి ఉండేది. కొత్త వర్క్‌బుక్‌లో ఎఫ్5 నొక్కి, ఎక్స్97:ఎల్97 అని కొట్టి ఎంటర్, తర్వాత ట్యాబ్, ఆపైన కంట్రోల్, షిఫ్ట్ పట్టుకుని చార్ట్ విజార్డ్ మీద క్లిక్ చేయాలి. 2002 జనవరిలో బిల్ గేట్స్ భద్రతకే మొదటి పీట అని ఉద్యోగులకు రాశాక, మైక్రోసాఫ్ట్‌లో ఇలాంటివి ఆగిపోయాయి. పత్రాల్లో లేని కోడ్ ఒకటి లోపల ఉందంటే ప్రభుత్వాలు ఆ సాఫ్ట్‌వేర్‌ను నమ్మవు కదా. ఎడ్జ్ సర్ఫ్ బతికి ఉన్నది అది బహిరంగ రహస్యం కాబట్టే: చిరునామా అందరికీ తెలుసు, ఆపే పాలసీ ఉంది, మామూలు వాడకానికి అడ్డురాదు. నాకు ఇదే సరైన పద్ధతి అనిపిస్తుంది.

ప్లే స్టోర్‌లో, క్రోమ్ వెబ్ స్టోర్‌లో డైనో పేరుతో కనపడేవి అసలువి కావు, ఎవరో చేసిన నకళ్లు. యాప్ అయితే ప్రకటనలతో విసిగిస్తుంది. ఎక్స్‌టెన్షన్ అయితే పెట్టేముందు అడిగే అనుమతి చదవండి. అన్ని వెబ్‌సైట్లలో మీ డేటా చదవడానికి, మార్చడానికి అని అడిగితే వెంటనే రద్దు చేయండి, గెంతే బల్లికి మీ బ్యాంకు పేజీతో పనేముంది? ఇదివరకే పెట్టి ఉంటే క్రోమ్://ఎక్స్‌టెన్షన్స్ తెరిచి రిమూవ్ నొక్కండి, టాగుల్ ఆపి ఊరుకోవద్దు.